ఖమ్మం రైలెక్కకండి మాస్టారూ

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ దగ్గర ఎం.ఎస్. రెండో సెమిస్టర్ చదువుతున్నాడు. నలుగురు తెలుగు పిల్లలు కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. మూడు వారాల కిందట అంట్లు తోమే వంతు దగ్గర మాటా మాటా పెరిగింది. అవతలి అబ్బాయి అమ్మానాన్నల్ని కలిపి తిట్టాడట, మావాడు రెండు చేతులతో తోశాడట. ఆ అబ్బాయి వెనక్కి పడి తల ఫ్రిజ్ అంచుకి తగిలి బొప్పి కట్టింది. రక్తం కూడా రాలేదు. ఇంకో రూమ్మేట్ భయపడి 911కి ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చి మావాడికి బేడీలు వేసి తీసుకెళ్ళారు. మర్నాడు బెయిల్ మీద బయటికొచ్చాడు. కాగితాల్లో ‘అసాల్ట్, బాడిలీ ఇంజురీ, ఫ్యామిలీ వయొలెన్స్’ అని ఉంది. ఆ రూంకి వెళ్ళకూడదన్నారు. పాస్‌పోర్టు, లాప్‌టాప్ అక్కడే ఉండిపోయాయి. అవతలి అబ్బాయిది ఖమ్మం. వాళ్ళ నాన్నగారి నంబరు సంపాదించాను. వెళ్ళి కాళ్ళయినా పట్టుకుని రాజీ చేసుకుందామనుకుంటున్నాను. ఇక్కడి మా ప్లీడరు గారు ‘ఇది మన పాత ఐపీసీ 323, చిన్న గాయం సెక్షన్ లాంటిదే, రాజీ పడితే పోతుంది’ అన్నారు. అక్కడి లాయరేమో ‘డిఫర్డ్’ అనే పద్ధతిలో నేరం ఒప్పుకుంటే శిక్ష ఉండదు, కేసు కొట్టేస్తారు అంటున్నాడట. ఏం చేయమంటారు? ఖమ్మం రైలెక్కమంటారా?
— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి

సమాధానం: మాస్టారూ, మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. ఎక్కకండి. ఆ నంబరుకి ఫోన్ కూడా చేయకండి. ఇప్పటికే చేసి ఉంటే, ఏ రోజు ఏం మాట్లాడారో గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి మీ అబ్బాయి లాయరుకి పంపించండి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నేను ప్రాక్టీసు చేసింది ఇక్కడి కోర్టుల్లో. టెక్సస్‌లో కేసు నడిపే లైసెన్సు నాకు లేదు, అక్కడి లాయరు చేసే పని నేను చేయలేను. ఆ లాయర్ని మీరు ఏమేం అడగాలో తెలియడానికి పనికొచ్చేంత మటుకు చెప్తాను.

మీ ప్లీడరు గారు సగం కరెక్టు. మన పాత ఐపీసీ 319వ సెక్షన్ ‘గాయం’ అంటే శరీరానికి నొప్పి, రోగం, అశక్తత, ఈ మూడింట్లో ఏదైనా కలిగించడం అంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 114వ సెక్షన్ కూడా అదే మాట చెప్తుంది. ఇప్పుడు టెక్సస్ పీనల్ కోడ్ తీసి చూడండి. ‘బాడిలీ ఇంజురీ’ అంటే శారీరకమైన నొప్పి, అనారోగ్యం, లేదా శరీర స్థితికి కలిగిన ఏ లోపమైనా సరే. రెండూ పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. రెండింట్లోనూ రక్తం ఊసు లేదు, కుట్ల ఊసు లేదు, డాక్టరు చీటీ ఊసు లేదు. ‘నొప్పి పుట్టింది’ అని ఆ అబ్బాయి చెప్తే, ఆ మాట నమ్మదగినదిగా ఉంటే, చట్టానికి అది చాలు. అంచేత ‘రక్తం కూడా రాలేదు’ అనే వాదన అక్కడ మిమ్మల్ని ఎక్కడికీ తీసుకెళ్ళదు. బొప్పి కట్టిందంటే నొప్పికి కంటికి కనిపించే సాక్ష్యం కూడా ఉన్నట్టే. ఆ బొప్పికి పోలీసు ఫొటో తీసి ఉంటాడు, అది ఫైల్లో ఉంటుంది.

తండ్రులంతా చెప్పే మాట మీ మనసులోనూ ఉండే ఉంటుంది, ‘కావాలని కొట్టలేదు, తోశాడంతే’ అని. టెక్సస్ అసాల్ట్ సెక్షన్, అంటే 22.01, మూడు రకాల మనస్థితిని ఒకే గాటన కట్టింది. ఉద్దేశంతో చేసినా, ఫలితం తెలిసి చేసినా, ప్రమాదం ఉందని తెలిసీ లెక్కచేయకుండా చేసినా నేరమే. ఇరుకు వంటింట్లో మనిషిని రెండు చేతులతో తోస్తే తల దేనికో ఒకదానికి తగులుతుందని తెలియదా అని అడుగుతారు. ఈ మూడో మాట, ‘లెక్కచేయకుండా’ అన్నది, గుర్తుపెట్టుకోండి. వీసా దగ్గర మళ్ళీ దాని అవసరం వస్తుంది.

‘వాడే ముందు తిట్టాడు’ అన్నదీ అంతే. మన దగ్గర తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొట్టినప్పుడు కలిగించిన గాయానికి విడిగా ఒక సెక్షన్ ఉంది, శిక్ష నెలకి దిగిపోతుంది. టెక్సస్ ఆత్మరక్షణ సెక్షనేమో ఒట్టి మాటలతో రెచ్చగొట్టినంత మాత్రాన చెయ్యి చేసుకోవడానికి హక్కు రాదని తెగేసి చెప్తుంది. ఆ అబ్బాయి ముందు కాలర్ పట్టుకున్నాడా, మీదికి వచ్చాడా, దారికి అడ్డం నిలబడ్డాడా? ఇవి వేరే సంగతులు, ఆత్మరక్షణ వాదన వీటి మీద నిలబడొచ్చు. మీ అబ్బాయి వాటిని లాయరుతో చెప్పాలి, మీతో ఫోన్లో కాదు.

ఇక శిక్షల లెక్క. టెక్సస్‌లో అసాల్ట్ అంటే ఒకే మెట్టు కాదు. అవతలివాడు అవమానంగా భావిస్తాడని తెలిసి ఊరికే తాకినా, కొడతానని అప్పటికప్పుడు బెదిరించినా క్లాస్ సి, 500 డాలర్ల దాకా జరిమానా, జైలు లేదు. నొప్పి పుట్టించారో, క్లాస్ ఎ. ఏడాది దాకా కౌంటీ (మన జిల్లా లాంటిది) జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా, లేదా రెండూ. మీ అబ్బాయి ఉన్నది ఈ మెట్టు మీద. తోయడానికి బదులు మెడ పట్టుకుని ఊపిరాడకుండా చేసి ఉంటే, ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు కాబట్టి, అది థర్డ్ డిగ్రీ ఫెలనీ, అంటే పెద్ద నేరం, అయ్యేది. రెండు నుంచి పదేళ్ళు. ఆ సమయంలో మీ అబ్బాయి చేతిలో కూరలు తరిగే చాకు ఉండి, దాన్ని చూపించి బెదిరించి ఉంటే, గీత కూడా పడకపోయినా, ఆయుధం చూపిన అగ్రవేటెడ్ అసాల్ట్, అంటే తీవ్రమైన దాడి. రెండు నుంచి ఇరవయ్యేళ్ళు. వంటింటి గొడవల్లో నాకు భయం వేసేది ఇక్కడే. చాకు అప్పటికే చేతిలో ఉంటుంది, ఉల్లిపాయ సగంలో ఉంటుంది.

పైమెట్టుకి టెక్సస్ పెట్టిన కొలత ‘సీరియస్ బాడిలీ ఇంజురీ’. ప్రాణానికి గట్టి ముప్పు, శాశ్వతంగా రూపం చెడటం, ఏదైనా అవయవం చాలాకాలం పనిచేయకపోవడం. మన సంహిత 116వ సెక్షన్ మాత్రం తీవ్ర గాయాన్ని వరుసగా లెక్కపెట్టి చెప్పింది. కన్ను పోవడం, చెవి పోవడం, ఎముక విరగడం, పన్ను ఊడటం, పదిహేను రోజులు తీవ్రమైన నొప్పితో ఉండటం లేదా మామూలు పనులు చేసుకోలేకపోవడం, ఇలా. పాత ఐపీసీలో అది ఇరవై రోజులుండేది. తెనాలిలో పన్ను ఊడితే తీవ్ర గాయమా కాదా అని వాదించే పని లేదు, జాబితాలో ఉంది. టెక్సస్‌లో అదే పన్ను కోసం లాయర్లు వాదించుకోవాలి.

ఇంకో సంగతి మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది. ‘అమెరికా చట్టం ఏమంటుంది?’ అని అడుగుతారు. ఇలాంటి గొడవకి అమెరికా చట్టం అంటూ ఒకటి లేదు. ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. వాట్సాప్ గ్రూపులో ‘మా తమ్ముడికీ ఇలాగే అయింది, ఏమీ కాలేదు’ అని ఎవరైనా అంటే, ఆ తమ్ముడు ఏ రాష్ట్రంలో ఉన్నాడో ముందు అడగండి. ఇదే తోపు ఎడిసన్‌లో జరిగి ఉంటే న్యూజెర్సీ చట్టం ప్రకారం సింపుల్ అసాల్ట్, ఆరు నెలలు, వెయ్యి డాలర్లు. ఇద్దరూ ఒప్పుకుని కలబడ్డారని తేలితే ఇంకా కిందికి, ముప్పై రోజులకి దిగుతుంది. ‘నువ్వా నేనా చూసుకుందాం రా’ అని ఇద్దరూ గోదాలోకి దిగిన కొట్లాటకి విడిగా తక్కువ శిక్ష రాసిపెట్టిన చట్టం అది. నాకు ముచ్చటేసింది చదివినప్పుడు.

న్యూయార్క్‌లో అయితే ఈ కేసు మొదట్లోనే తడబడేది. అక్కడ ఒట్టి నొప్పి చాలదు, ‘గణనీయమైన నొప్పి’ అని ఉండాలి. 1980లో ఫిలిప్ ఏ. అనే కేసులో, మొహం మీద రెండు దెబ్బలు పడి, ఎర్రబడి, ఏడుపొచ్చినా సరే, అది ఆ కొలతకి సరిపోదని రాష్ట్ర అత్యున్నత కోర్టు అంది. 2007లో చిడిక్ కేసులో అదే కోర్టు, కొరికితే గోరు చిట్లి రక్తం కారినందుకు, అది గణనీయమైన నొప్పే అంది. చెంపదెబ్బలు తేలిపోయాయి, గోరు నిలబడింది. జార్జియాలో మళ్ళీ ఇంకో కొలత. అక్కడ బ్యాటరీ అనే నేరానికి ‘కంటికి కనిపించే గాయం’ చాలు, దెబ్బ తిన్నవాడు కాక ఇంకొకరు చూడగలిగేది. నల్లబడ్డ కన్ను, బాగా వాచిన పెదవి, కమిలిన చర్మం అని చట్టమే ఉదాహరణలిచ్చింది. మీ ఫ్రిజ్ బొప్పి అట్లాంటాలో కూడా పనికొస్తుంది. కాలిఫోర్నియాలో అసాల్ట్ అంటే కొట్టబోవడం, కొట్టడం అంటే బ్యాటరీ. అక్కడ బ్యాటరీకి నొప్పి కూడా అక్కర్లేదు, దురుసుగా చెయ్యి వేసినా చాలు.

ఇక మిమ్మల్ని బాగా కలవరపెట్టిన మాట, ‘ఫ్యామిలీ వయొలెన్స్’. ‘వాళ్ళకి ఏ బంధుత్వమూ లేదు, కులం కూడా ఒకటి కాదు’ అని మీరు ఉత్తరం అంచున విడిగా రాశారు. టెక్సస్ ఫ్యామిలీ కోడ్‌లో ‘హౌస్‌హోల్డ్’ అంటే ఒకే నివాసంలో కలిసి ఉండేవాళ్ళు, బంధుత్వం ఉన్నా లేకపోయినా. ఆ నిర్వచనం 71.005లో ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యంతో అద్దె పంచుకునే నలుగురు కుర్రాళ్ళు ఒక కుటుంబమైపోయారు. వంట వంతులు, అంట్ల వంతులు వేసుకున్నప్పుడు వాళ్ళకి ఈ సంగతి తెలిసి ఉండదు పాపం. న్యూయార్క్‌లో అయితే ఉత్త రూమ్మేట్లు ఈ లెక్కలోకి రారు. కేసు టెక్సస్‌ది కాబట్టి వచ్చారు.

ఈ ముద్ర వట్టి పేరు కాదు. కోర్టు తీర్పులో ‘కుటుంబ హింస జరిగింది’ అని విడిగా రాస్తే, రేపు పెళ్ళయ్యాక ఇంట్లో చెయ్యి చేసుకుని కాస్త నొప్పి పుట్టించినా అది రెండో నేరంగా ఫెలనీ కిందికి ఎక్కొచ్చు. టెక్సస్‌లో కొన్ని కేసుల రికార్డు బయటికి కనబడకుండా సీలు చేయించుకోవచ్చు, ఈ ముద్ర పడిందంటే ఆ దారి మూసుకుపోతుంది. అంచేత లాయర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న శిక్ష ఎంత అని కాదు, ఆ ముద్ర తీయించగలరా అని.

ఇప్పుడు ఖమ్మం సంగతి. ఇక్కడ మీ ప్లీడరు గారు తప్పిన సగం ఉంది.

మన దగ్గర సాధారణ గాయం కేసు దెబ్బ తిన్నవాడిది. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు ఎఫ్‌ఐఆర్ కూడా కట్టలేరు. దెబ్బ తిన్నవాడు రాజీ పడితే కేసు ముగుస్తుంది, చట్టమే ఆ హక్కు అతనికిచ్చింది. గుంటూరులో లోక్ అదాలత్‌లో ఇలాంటివి ఎన్ని చూశానో. పొద్దున ఒకరి మొహం ఒకరు చూడని అన్నదమ్ములు సంతకాలు పెట్టి, మధ్యాహ్నానికి గేటు బయట ఒకే బండి దగ్గర టీ తాగుతుంటారు. ఒకడు గ్లాసు పట్టుకున్న చేతికి ఇంకా కట్టు ఉంటుంది. మంచి పద్ధతే. మీ మనసు ఆ దారిలోనే పోవడం సహజం, పల్లెటూళ్ళో పెద్దమనుషుల పంచాయితీ నుంచి మనకి అలవాటైన దారి అది.

అక్కడ కేసు పేరు చూడండి, ‘టెక్సస్ రాష్ట్రం వర్సెస్ ఫలానా’. ఆ అబ్బాయి కేసు పెట్టలేదు, అతను ఉపసంహరించుకోవడానికి అతని దగ్గర కేసు లేదు. అతనొక సాక్షి. ‘నాకు ఈ కేసు నడవడం ఇష్టం లేదు’ అని ప్రమాణపత్రం ఇవ్వొచ్చు, దానికి అక్కడ ఒక పేరు కూడా ఉంది, ‘అఫిడవిట్ ఆఫ్ నాన్-ప్రాసిక్యూషన్’. ప్రాసిక్యూటరు దాన్ని చదువుతాడు, లెక్కలోకి తీసుకోవచ్చు, పక్కన పెట్టేయొచ్చు. అతను కోర్టుకి రాకపోయినా 911 రికార్డింగు ఉంది, పోలీసు చొక్కాకున్న కెమెరా ఉంది, మూడో రూమ్మేట్ ఉన్నాడు. ఆపద జరుగుతుండగా 911కి చెప్పిన మాటల్ని, ఆ చెప్పినవాళ్ళు కోర్టుకి రాకపోయినా వాడుకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 2006లో డేవిస్ కేసులో తేల్చింది.

మీరు ఖమ్మం వెళ్ళి ఆ తండ్రి ముందు కూర్చున్నారనుకోండి. మీ దృష్టిలో అది కాళ్ళు పట్టుకోవడం. అక్కడి ప్రాసిక్యూటరు కాగితం మీద అది ‘నిందితుడి తండ్రి సాక్షి కుటుంబాన్ని కలిసి, డబ్బు ఇస్తామని, సాక్ష్యం చెప్పొద్దని అడిగాడు’. సాక్షిని డబ్బుతో గాని బెదిరింపుతో గాని మళ్ళించడం టెక్సస్‌లో విడిగా ఒక నేరం, అసలు కేసు కంటే బరువైనది కూడా కావచ్చు. మీరు తెనాలిలో క్షేమంగానే ఉంటారు, ఆ బరువు మోసేది మీ అబ్బాయి. పైగా ‘రూంకి వెళ్ళకూడదు’ అన్నారంటే, మేజిస్ట్రేటు ఎమర్జెన్సీ ప్రొటెక్షన్ ఆర్డరు ఇచ్చి ఉంటాడు, లేదా బెయిల్ షరతుల్లో రాసి ఉంటాడు. ఆ ఆర్డరు మామూలుగా 31 నుంచి 61 రోజుల మధ్య ఉంటుంది, మూడు వారాలే అయింది కాబట్టి ఇంకా నడుస్తూనే ఉంటుంది. ‘నేరుగా గాని, ఇంకొకరి ద్వారా గాని’ అన్న మాట అందులో ఉందేమో లాయరు చేత చదివించండి. ఆ ‘ఇంకొకరు’ మీరే అయ్యే ప్రమాదం ఉంది. ఆర్డరు దాటడం మళ్ళీ ఒక క్లాస్ ఎ నేరం.

ఆ అబ్బాయి నిజంగానే కేసు వద్దనుకుంటున్నాడా? అయితే ఆ మాట అతనంతట అతనే ప్రాసిక్యూటరు ఆఫీసుకి చెప్పాలి, లేదా మీ అబ్బాయి లాయరే లాయరుగా అతనితో మాట్లాడాలి. ఆస్పత్రి ఖర్చేమైనా అయి ఉంటే తిరిగి ఇవ్వడానికీ లాయరు ద్వారా దారి ఉంటుంది. మధ్యవర్తులుగా కామన్ ఫ్రెండ్స్ వద్దు. తెలుగు సంఘం పెద్దలూ వద్దు. వాళ్ళ మంచితనం మీద నాకు అనుమానం లేదు, వాళ్ళు పంపే మెసేజిల మీద ఉంది.

ఫోన్ల గురించి ఒక్క మాట. జైల్లోంచి చేసే కాల్స్ రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడితే ఎవరికి అర్థమవుతుందిలే అనుకోవద్దు, అనువదించేవాళ్ళు దొరుకుతారు. రూం గ్రూపులో ఆ రాత్రి మీ అబ్బాయి ‘సారీ రా, కోపంలో తోసేశా’ అని పెట్టి ఉంటే, దాన్ని ఇప్పుడు డిలీట్ చేయించకండి. ఉన్నదాని కంటే చెరిపేసినది ఎక్కువ హాని చేస్తుంది. అలాగే ఉంచి లాయరుకి చూపించమనండి.

ఇక ‘డిఫర్డ్’. ఈ ఒక్క సంగతి చెప్పడానికే మీ ఉత్తరాన్ని ముందుకి తీశాను, ఎందుకంటే మీ అబ్బాయి సంతకం పెట్టేలోపు ఇది మీకు చేరాలి.

డిఫర్డ్ అడ్జుడికేషన్ అంటే, నిందితుడు నేరం ఒప్పుకుంటాడు, లేదా అభ్యంతరం లేదంటాడు. జడ్జి దోషి అని ప్రకటించకుండా ఆపి, రెండేళ్ళ దాకా కొన్ని షరతుల మీద ఉంచుతాడు. కోపం తగ్గించుకునే క్లాసులు, ఫీజులు, సమాజసేవ గంటలు. అన్నీ సవ్యంగా పూర్తిచేస్తే కేసు కొట్టేస్తారు. టెక్సస్ కుర్రాడికి ఇది నిజంగానే మంచి బేరం. అక్కడి లాయరు మోసం చేయడం లేదు, అతను టెక్సస్ లెక్కే చెప్తున్నాడు.

ఇమిగ్రేషన్ లెక్క ఫెడరల్ ప్రభుత్వానిది. 1996లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ‘కన్విక్షన్’ (దోషిగా తేలడం) అన్న మాటకి కొత్త నిర్వచనం రాసింది. నిందితుడు నేరం ఒప్పుకుని లేదా అభ్యంతరం లేదని చెప్పి, జడ్జి ఏదో ఒక శిక్షో షరతో పెడితే చాలు, రాష్ట్రం దోషి అని ప్రకటించకపోయినా, తర్వాత కొట్టేసినా, ఇమిగ్రేషన్ దృష్టిలో అది శిక్ష పడ్డట్టే. అంటే డాలస్ కోర్టులో పోయిన కేసు ఇమిగ్రేషన్ ఫైల్లో బతికే ఉంటుంది. అదే 1996 చట్టం గృహ హింస నేరాన్ని దేశం నుంచి పంపించేయడానికి ఒక కారణంగా చేర్చింది. అందులో భార్యాభర్తలే కాదు, రాష్ట్రం గృహ హింస చట్టం ఎవరికి రక్షణ ఇస్తుందో వాళ్ళూ వస్తారు. టెక్సస్ రూమ్మేట్‌కి కూడా రక్షణ ఇస్తుంది. మీ అబ్బాయి కాగితం మీది ఆ రెండు ఇంగ్లీషు మాటలు ఎక్కడిదాకా పాకుతాయో చూశారా?

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న ‘లెక్కచేయకుండా’ అన్న మాట ఇక్కడ పనికొస్తుంది. 2021లో బోర్డెన్ కేసులో సుప్రీంకోర్టు, తుపాకుల చట్టం సందర్భంలో, లెక్కచేయనితనంతో చేసిన నేరం ‘హింసాత్మక నేరం’ అన్న నిర్వచనంలోకి రాదంది. ఇమిగ్రేషన్ లాయర్లు ఆ తీర్పుని పట్టుకుని వాదిస్తుంటారు. కాబట్టి ఆరోపణ పత్రంలో ‘ఉద్దేశంతో, తెలిసి, లెక్కచేయకుండా’ అనే మూడు మాటల్లో ఏవి మిగిలాయి, ఒప్పందంలో ఏ మాట ఒప్పుకుంటున్నాడు అన్నది చాలా ముఖ్యం. మీరు విద్యార్థులకి విభక్తులు నేర్పినంత జాగ్రత్తగా ఈ మాటల్ని చదివే లాయరు కావాలి.

అడగదగ్గ దారులు రెండున్నాయి. ఒకటి, కోర్టులో నేరం ఒప్పుకోకుండానే పూర్తిచేసే ప్రీట్రయల్ డైవర్షన్. ఒప్పుకోలు లేకపోతే ఆ 1996 నిర్వచనం తగలడం కష్టం. దొరుకుతుందా లేదా అన్నది కౌంటీని బట్టి ఉంటుంది. డాలస్ చుట్టుపక్కల కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీలు వేరు వేరు, ప్రాసిక్యూటర్లు వేరు. డైవర్షన్‌లో కూడా ఏమేం రాతపూర్వకంగా ఒప్పుకోమంటున్నారో సంతకానికి ముందు చూసుకోవాలి. రెండోది, క్లాస్ సి కిందికి, అంటే ఊరికే తాకిన నేరంగా, ఫ్యామిలీ వయొలెన్స్ ముద్ర లేకుండా దించమని అడగడం. రెండూ కుదరకపోతే విచారణకి నిలబడటం. నిర్దోషి అని నిలబడటం మొండితనమేమీ కాదు మాస్టారూ, నేరం రుజువు చేయాల్సిన బాధ్యత వాళ్ళది.

ఈ సలహా తన లాయర్ని అడిగే హక్కు కూడా మీ అబ్బాయికుంది. హోసే పడియా అనే ఆయన హోండురాస్‌లో పుట్టి, నలభై ఏళ్ళు అమెరికాలో ఉండి, వియత్నాం యుద్ధంలో ఆ దేశం తరఫున పనిచేసినవాడు. గంజాయి కేసులో ‘ఇన్నేళ్ళున్నావు, నీకేం కాదు’ అన్న లాయరు మాట నమ్మి నేరం ఒప్పుకున్నాడు, దేశం నుంచి పంపించేసే పరిస్థితి వచ్చింది. 2010లో సుప్రీంకోర్టు, నేరం ఒప్పుకుంటే ఇమిగ్రేషన్ పరంగా ఏమవుతుందో చెప్పడం డిఫెన్స్ లాయరు బాధ్యత అని తీర్పిచ్చింది. కాబట్టి ఆ లాయరుకి మీ అబ్బాయి ఈమెయిల్‌లో, రాతపూర్వకంగా, ఈ ప్రశ్న పెట్టాలి: ‘నేను ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నాను. ఈ ఒప్పందం ఇమిగ్రేషన్ చట్టంలో కన్విక్షన్ అవుతుందా? ఇమిగ్రేషన్ లాయర్ని సంప్రదించారా?’ జవాబు తప్పించుకునేట్టు ఉంటే, క్రిమినల్ కేసుల ప్రభావం తెలిసిన ఇమిగ్రేషన్ లాయరు దగ్గర విడిగా ఒక గంట కన్సల్టేషన్ తీసుకోమనండి. ఖమ్మం రాజీకి పెట్టాలనుకున్న డబ్బేదైనా ఉంటే ఇక్కడ ఖర్చుపెట్టండి.

వీసా గురించి ఇంకొంచెం. పాస్‌పోర్టులో స్టాంపు వేరు, అక్కడ చదువుకునే స్టేటస్ వేరు. అరెస్టు ఒక్కదానితోనే అమెరికా విదేశాంగ శాఖ ఆ స్టాంపు రద్దు చేయొచ్చు, స్టేటస్ మాత్రం దానంతటది పోదు. విద్యార్థి స్టేటస్ పోగొట్టే రూలు ఒకటి, ఏడాదికి మించి జైలు పడే అవకాశమున్న హింసాత్మక నేరంలో శిక్ష పడితే అంటుంది. టెక్సస్ క్లాస్ ఎ గరిష్ఠం సరిగ్గా ఏడాది, మించదు. ఒక్క రోజు తేడాకి ఎంత విలువో చూడండి. వేరే ఇమిగ్రేషన్ రూళ్ళు సరిగ్గా ఏడాది దగ్గరే పట్టుకుంటాయి కాబట్టి న్యూయార్క్ 2019లో తన ఏడాది శిక్షని 364 రోజులకి తగ్గించుకుంది, కాలిఫోర్నియా అంతకు ముందే 2015లో తగ్గించుకుంది. వలస వచ్చినవాళ్ళు ఆ ఒక్క రోజు దగ్గర చిక్కుకుపోతున్నారని.

అయినా నిశ్చింతగా ఉండమని అనలేను. 2025 వసంతంలో పోలీసు రికార్డులో పేరున్న వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డుల్ని, అంటే స్టేటస్ నమోదయ్యే ప్రభుత్వ రికార్డుల్ని, ప్రభుత్వం ఒక్కసారిగా ఆపేసింది. కేసులు కొట్టేసినవాళ్ళూ అందులో ఉన్నారు. కోర్టులకెక్కాక ఏప్రిల్ చివర్లో తిరిగి పెట్టారు. కాబట్టి కేసు తేలేదాకా ఇండియాకి రావద్దు, సంక్రాంతికి కూడా. వస్తే కొత్త స్టాంపు కావాల్సి రావచ్చు, వీసాకి పెట్టే డీఎస్-160 ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అన్న ప్రశ్న ఉంటుంది. అరెస్టు జరిగింది కాబట్టి, కేసు పోయినా సరే, జవాబు ‘అవును’. అక్కడ ‘కాదు’ అని రాస్తే బొప్పి కేసు కాస్తా అబద్ధం కేసు అవుతుంది. కేసు ముగిశాక కోర్టు సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు సెట్లు తీసి పెట్టుకోమనండి. ఒక సెట్టు తెనాలిలో మీ బీరువాలో ఉండాలి.

యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి చెప్పాలా అంటే, ముందు లాయరుతో మాట్లాడి తర్వాత. హాజరు, క్రెడిట్లు తగ్గకూడదు. టెన్షన్‌లో క్లాసులు మానేస్తే కేసు కంటే ముందు అదే స్టేటస్‌కి ఎసరు పెడుతుంది.

పాస్‌పోర్టు, లాప్‌టాప్ సంగతి మిగిలింది. ‘ఎవరూ లేనప్పుడు తాళం తీసుకుని వెళ్ళి తెచ్చుకుంటా’ అని మీ అబ్బాయి అంటే ఒప్పుకోకండి, ఆర్డరు దాటినట్టవుతుంది. లాయరు ప్రాసిక్యూటరుకి చెప్పి కోర్టు అనుమతి తీసుకోవచ్చు, అనుమతి ఉంటే పోలీసుని వెంటబెట్టుకుని వెళ్ళి సామాను తెచ్చుకునే ఏర్పాటు అక్కడ మామూలే. ‘సివిల్ స్టాండ్‌బై’ అంటారు. పోలీసు గుమ్మం దగ్గర నిలబడతాడు, పది పదిహేను నిమిషాల్లో తీసుకుని వచ్చేయాలి. అంచేత ముందే ఒక చీటీ రాసిపెట్టుకోమనండి: పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం, లాప్‌టాప్, చార్జరు, బ్యాంకు కార్డులు, మందులేమైనా ఉంటే అవి, చలికోటు. వంట సామాను వదిలేయమనండి. కుక్కరు ఎవరిదని ఆ గుమ్మంలో మళ్ళీ మాట రాకూడదు.